కోపం వచ్చిందంటం, ఎవరికొచ్చింది?

అన్నలూ తమ్ముళ్లూ, ఇది జర పెద్ద పోస్టు. పండుకునే ముందు తీరికగ చదవండి.

ఆర్నెల్ల సంది గురువారం సాయంత్రం డ్యూటీ దిగినంక ఆష్‌బర్న్‌లనే ఒక గ్రూపుకు పోతున్న. ఎనిమిది మందిమి, గుండ్రంగ కుర్చీలు, నడిపించే మేడమ్ ఒకామె. దాన్ని గెస్టాల్ట్ థెరపీ అంటరు. రూముల ఇద్దరు ముగ్గురు "అన్నకు పిచ్చి లేసిందా" అని నవ్విండ్రు. పిచ్చికి కాదురా నాయినా. తిండి, పని అన్నీ నడుస్తనే ఉంటయి, లోపల ఏదో బిగుసుకపోయి ఉంటది చూడు, దానికి.

గెస్టాల్ట్ అనేది జర్మన్ మాట. విడి ముక్కలు కాదు, మొత్తం రూపం అని. ఇది మొదలుపెట్టినోళ్లల్ల ఫ్రిట్జ్ పెర్ల్స్, ఆయన భార్య లారా ముఖ్యులు. యూదులు. హిట్లర్ వచ్చినంక 1933ల జర్మనీ ఇడిచి హాలండ్ పోయిండ్రు, ఆడికెళ్లి దక్షిణాఫ్రికా, ఆఖరికి న్యూయార్క్. మనం పొట్ట కోసం వచ్చినం, వాళ్లు పానం కోసం. 1951ల ఆయన ఇంకో ఇద్దరితోని కలిసి పుస్తకం తెచ్చిండు.

మొదటి రోజు నాకు వచ్చిన ఇంగ్లీషుల "యాంగర్ కమ్స్" అన్న. మేడమ్ "ఎక్కడి నుంచి వస్తది, బస్సులనా?" అన్నది. అందరూ నవ్విండ్రు, నేను గూడ. మన భాషల కోపం వస్తది, ఏడుపు వస్తది, నిద్ర వస్తది. అన్నీ చుట్టాల లెక్క వచ్చి పోతుంటయి, మనం గడప కాడ నిలబడి చూస్తుంటం. అది తప్పేం కాదు, మన మాట తీరే అది. కానీ "నేను కోపంగ ఉన్న" అని నోరు తెరిచి అని చూడండి. గొంతుల ఎంత బరువుంటదో తెలుస్తది.

ఇంకోటి, ఆడ సలహాలు బంద్. మన దగ్గర బాధ చెప్పుకుంటే చాలు, మొక్కు మొక్కు, భూమి అమ్మకు, ఊరికి పోయి రా, నలుగురు నాలుగు చెప్తరు. ఈడ వింటరు, అంతే. కార్ల్ రోజర్స్ అని ఇంకో పెద్దాయన ఈ వినుడునే పట్టుకున్నడు.

మనం స్లాబ్ పోస్తుంటే నడుమ లారీ ఆలస్యమైతే ఏమైతది? కింద పోసింది గట్టిపడ్డంక మీద పోస్తే అతకదు. కోల్డ్ జాయింట్. పైకి కనబడదు గానీ నీళ్లు ఆడికెళ్లే కారుతయి. మనిషిల సగంల ఆగిపోయిన ముచ్చట్లు గూడ అంతే అని నాకు అర్థమైంది.

మా నాయిన 2020 మే నెలల పోయిండు. విమానాలు బంద్. సాగనంపుడు వాట్సాప్‌ల చూసిన. నా బాధంతా అదే అనుకుంటున్న. ఒక గురువారం మేడమ్ నా ముందట ఖాళీ కుర్చీ పెట్టి, అండ్ల నాయినను కూసోబెట్టుకో, నీ భాషలనే మాట్లాడు అన్నది. రెండు ముక్కలు మాట్లాడిన్నో లేదో, "నీ చెయ్యి ఏం చేస్తున్నది?" అని అడిగింది. చూస్తే పిడికిలి. అప్పుడు బయటికొచ్చింది: "పది పాసైన ఏడే మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకొని నన్ను డ్యాం పనికి తోలినవ్. ఒక్క మాట అడగలె నాయినా."

పాలమూరోళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు.

తర్వాత ఆ కుర్చీల నన్ను కూసోమన్నది, నాయినలెక్క జవాబు చెప్పుమన్నది. శానాసేపు మాట రాలె. "ఇంట్ల గింజలు లేకుండెరా" అన్న. ఆడ ఒక్కరికి గూడ తెలుగు రాదు. ఎవ్వరు కదల్లె.

నాయిన మీద కోపం పోయిందా అంటే, సగం ఉంది. కానీ ఆయన ఫోటో దిక్కు ఇప్పుడు చూడగలుగుతున్న.

ఒక జాగ్రత్త. నడిపేటోళ్లకు లైసెన్స్ ఉందా లేదా అడగండి. పెర్ల్స్ గూడ కొన్నిసార్లు మనుషులను కటువుగ గద్దించేటోడు. 1973ల స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల గ్రూపుల మీద ఒక పరిశోధన పుస్తకం అచ్చైంది. నడిపేటోడు మీదపడి తోసే రకమైతే కొందరు అండ్ల దెబ్బతిన్నరని తేలింది. ఇష్టం లేకపోతే "నేను చెప్ప" అనొచ్చు, అది మీ హక్కు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే గ్రూపు కోసం ఆగొద్దు, 988కి ఫోన్ కొట్టండి, రాత్రయినా పగలైనా ఎత్తుతరు.

రావాలనుకునేటోళ్లు ఇన్‌బాక్స్‌ల చెప్పండి. మేడమ్‌ను అడుగుత. గురువారం నా బండిల ఇద్దరికి జాగ ఉంది.