బండి చప్పుడు

పావ్లోవ్ గారి కుక్క కథ తెలియని సైన్సు విద్యార్థి ఉండడు. చప్పుడు వినగానే కుక్కకి లాలాజలం ఊరిందని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే అందరం. నేనూ అలాగే రాశాను. ఆ పాఠం నాకు బోధపడింది మాత్రం మా ఇంటి దగ్గరే.

మా గేదె అమ్మ చేతిలో బకెట్టు చప్పుడు వింటే చాలు, చేపుతుంది. దూడని విడవకముందే చన్నుల్లోకి పాలు దిగుతాయి. దూడ కుడిస్తే చేపడం పుట్టుకతో వచ్చిన గుణం. అప్పుడు పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ విడుదలై పొదుగులోని పాలను కిందికి దింపుతుంది. బకెట్టు చప్పుడుకి చేపడం మాత్రం రోజూ విని విని నేర్చుకున్నది.

రష్యాలో ఇవాన్ పావ్లోవ్ (1849–1936) గమనించిందీ ఇలాంటిదే. ఆయన మొదట జీర్ణక్రియ మీద పరిశోధించి, అందుకే 1904లో నోబెల్ బహుమతి అందుకున్నారు. తిండి నోట్లో పడకముందే, తెచ్చే మనిషిని చూడగానే కుక్కలకి లాలాజలం ఊరడం ఆయన్ని ఆలోచనలో పడేసింది. మెట్రోనోము టక్‌టక్‌మనిపించి, వెంటనే తిండి పెట్టేవారు. కొన్నాళ్లకి ఉత్త టక్‌టక్‌కే లాలాజలం ఊరేది. దీన్నే మన పుస్తకాల్లో 'నిబంధన' అంటున్నాం. ఇందులో కిటుకు ఒకటుంది. చప్పుడు ముందు, తిండి వెనక రావాలి. రాబోయేదాన్ని చప్పుడు ముందే చెప్పాలన్నమాట.

ఇక మా అమ్మ సంగతి. నేను ఇంటర్ చదివే రోజుల్లో వరసగా రెండేళ్లు పత్తి పోయింది. అప్పిచ్చినాయన మోటారు సైకిలు మీద వచ్చి, వాకిట్లో నిలబడి, నలుగురూ వినేటట్టు మాట్లాడేవాడు. బండి చప్పుడు ముందు, మాటలు వెనక. చప్పుడు వినగానే అమ్మ చేతిలో పని వదిలేసి పెరట్లోకి పోయేది. తర్వాత పంట చేతికొచ్చింది, బాకీ తీరింది, నోటు చింపేశాం. అయినా ఏ బండి చప్పుడైనా సరే, పోస్టుమ్యాన్‌దైనా, మా మేనమామదైనా, అమ్మ పెరట్లోకే. ఒక చప్పుడుకి నేర్చుకున్నది దానిలాంటి చప్పుళ్లన్నిటికీ పాకుతుందని చదివాను, అదే ఇది. "బాకీ తీరిపోయింది కదమ్మా" అంటే, "నాకు తెలుసురా, కాళ్లే వినవు" అనేది.

పావ్లోవ్ దగ్గర దీనికీ జవాబుంది. తిండి పెట్టకుండా మెట్రోనోము ఒక్కటే మోగిస్తూ పోతే లాలాజలం క్రమంగా తగ్గిపోతుంది. కాని కుక్క అక్కడే ఉండి, తిండి రాకపోవడం చూడాలి కదా! అమ్మ ప్రతిసారీ పెరట్లోకి పోతే, వచ్చినాయన మంచినీళ్లు తాగి వెళ్లాడన్న సంగతి ఆమె కాళ్లకి ఎలా తెలుస్తుంది?

నా స్నేహితుడికి పాత మోటారు సైకిలుంది. ప్రతి శనివారం బస్సు దిగగానే నన్ను దాని మీద ఇంటికి దింపమన్నాను. మొదట్లో అమ్మ పెరట్లోనే. కొన్ని వారాలకి గుమ్మం దాకా వచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి వాకిట్లోకే వచ్చి, "వాణ్ణీ ఉండమను, అన్నం తిని పోతాడు" అంది.

నేను గెలిచాననుకున్నాను. పరీక్షలని నెల్లాళ్లు ఊరు వెళ్లలేదు. తర్వాత బండి దిగి చూస్తే వాకిట్లో ఎవరూ లేరు. అమ్మ మళ్లీ పెరట్లో ఉంది. మనసు చివుక్కుమంది. తిరిగొచ్చి పుస్తకం తీస్తే, తగ్గిపోయిన ప్రతిస్పందన కొంత విరామం తర్వాత దానంతటదే తిరిగొస్తుందని పావ్లోవ్ అప్పుడే గమనించారని ఉంది. పాత పాఠం చెరిగిపోదు, దాని మీద కొత్త పాఠం పడుతుందంతే. అయితే రెండోసారి త్వరగా తగ్గుతుంది. అమ్మకి రెండు వారాలే పట్టింది.

భయపడేవాళ్లతో "ఇందులో భయపడ్డానికేముంది?" అనడం తేలిక. మన కాలేజీలోనే పేరు పిలిస్తే లేచి నిలబడి నోరు పెగలని నాలాంటివాళ్లున్నారు. ధైర్యం చెప్పే ఉపన్యాసం కంటే, ఏ కీడూ జరగని నాలుగు శనివారాలు మాకు ఎక్కువ మేలు చేస్తాయి.