ఎడమ కాలికి ఒక లోకం దొరికింది

క్లచ్ ఇంత గొప్ప వస్తువని నాకు ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చెప్పలేదు! కారు నడపడం నాకు కొత్త కాదు. బళ్లారిలో మా ఇంట్లో ఉన్నది ఆటోమేటిక్. లివర్‌ను ‘డి’లో పెట్టి బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు, బండి కదులుతుంది. కదలడం బండికి స్వభావం అనుకున్నాను. ఈ మధ్యే డ్రైవింగ్ స్కూల్లో చేరి గేరు బండి పట్టాను. నిలబడి ఉన్న బండి కదలడం వెనక ఎంత కార్యం జరుగుతుందో ఇప్పుడు తెలిసింది. ఆ కార్యమంతా నా ఎడమ పాదం కింద జరుగుతోంది! కనిపించిన వాళ్లందరికీ ఇదే చెబుతున్నాను. మీకూ చెప్పాలి.

చదునైన నేల. ఇంజను ఆన్‌లో ఉంది, నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతోంది. క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేరు వేశాం. ఎక్సలేటర్ ముట్టుకోకూడదు. “నిదానమ్మా, నిదానంగా ఇడువు” అంటారు మాస్టరు. మడమ నేలకు ఆనించి, పాదాన్ని వెంట్రుకవాసి చొప్పున పైకి రానివ్వాలి. కాసేపు ఏమీ జరగదు. ఒకచోటికి వచ్చేసరికి ఇంజను గొంతు మారుతుంది, కాస్త బరువెక్కుతుంది. స్టీరింగులో సన్నటి వణుకు పుడుతుంది. బానెట్ ఇసుమంత పైకి లేచినట్టు అనిపిస్తుంది. పాదం అక్కడే నిలిపితే, అంత బరువున్న ఇనుము చీమ నడకన ముందుకు పాకుతుంది! ఎక్సలేటర్ లేదు, తోసేవాళ్లు లేరు. దాన్ని హాఫ్ క్లచ్ అంటారట. అక్కడ బండి ఇంకా పూర్తిగా బయల్దేరలేదు, అలాగని ఆగీ లేదు. ఆ రెంటి మధ్య అంత చోటుందని నాకు ఇన్నేళ్లుగా తెలియదు.

ఎందుకిలా జరుగుతుందో తెలుసుకున్నాక ఆశ్చర్యం రెట్టింపైంది. పెట్రోలు ఇంజను ఆగి ఉన్నప్పుడు బలం ఇవ్వలేదు, అది తిరుగుతూ ఉండాల్సిందే. చక్రమేమో కదలకుండా నేల మీద ఉంది. తిరిగేదాన్నీ తిరగనిదాన్నీ కలపడం ఎలా? ఇంజను చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. దాని పక్కన క్లచ్ ప్లేటు, రెండు వైపులా రాపిడి పొర ఉన్న పల్చటి బిళ్ల. దాన్ని ఫ్లైవీల్‌కు అదిమి పట్టేది ప్రెషర్ ప్లేటు. పెడల్ తొక్కితే స్ప్రింగు పట్టు సడలి ప్లేటు విడిపోతుంది. వదిలేకొద్దీ మళ్లీ ఒత్తుకుంటుంది. పూర్తిగా అతుక్కునే ముందు కొన్ని క్షణాలు అది జారుతూ, రాసుకుంటూ, వేడెక్కుతూ ఇంజను వేగాన్ని కొద్దికొద్దిగా చక్రాలకు అందిస్తుంది. ఒకరు తిప్పుతున్న విసుర్రాయి పిడిని రెండో మనిషి అందుకోవడం చూశారా? మొదట చెయ్యి ఊరికే పిడితో పాటు తిరుగుతుంది, తర్వాతే బలం కలుస్తుంది. ఒక్కసారిగా గట్టిగా పట్టుకుంటే రాయి ఆగిపోతుంది. క్లచ్ చటుక్కున వదిలేస్తే బండి జెర్క్ కొట్టి ఆఫ్ అవడం కూడా అచ్చంగా ఇదే.

ఇక గేర్లు! చిన్న కారులో ఫస్ట్ గేరులో చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజను ఇంచుమించు పద్నాలుగు చుట్లు తిరగాలి. ఐదో గేరుకొచ్చేసరికి మూడు చుట్లు చాలు. ఇంజను అదే, పెట్రోలు అదే. వేగం వదులుకుంటే బలం వస్తుంది, బలం వదులుకుంటే వేగం వస్తుంది. ఈ బేరం ఆడేది నా ఎడమ చెయ్యి. సెకండ్ నుంచి థర్డ్‌కు లివర్ న్యూట్రల్ మీదుగా జారి తన గాడిలో పడినప్పుడు అరచేతికి తెలిసే ఆ మెత్తని తాకిడి ఉందే, దానికోసం ఊరంతా ఇంకో చుట్టు తిరగాలనిపిస్తుంది.

ఆ మెత్తదనం కూడా ఒకరు సాధించి పెట్టినదే. మాస్టరు ఒకప్పుడు లారీ నడిపిన మనిషి. ఆ రోజుల్లో డబుల్ క్లచ్ కొట్టేవాళ్లమని చెబుతారు: క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, ఇంజను వేగం సరిచూసుకుని, మళ్లీ తొక్కి గేరు వెయ్యాలి. లేకపోతే గేరు పళ్లు గరగరమంటాయి. అమెరికాలో ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు కలవబోయే గేర్ల వేగాన్ని ముందే సమం చేసే సింక్రోమెష్‌ను తయారుచేశాడు. 1928లో అది కాడిలాక్ కార్లలో వచ్చింది. ఆ థాంప్సనే తర్వాత జనరల్ మోటార్స్‌లో హైడ్రామాటిక్ వెనక నిలిచాడు. క్లచ్ పెడల్ అక్కర్లేని ఆ గేరుపెట్టె 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో జనం చేతికొచ్చింది. గేరు మార్చడాన్ని సులువు చేసిన మనిషే ఆ పని మన చేతినుంచి పూర్తిగా తీసేసే దారీ వేశాడు. ఈ సంగతి చదివినరోజు నాకు నిద్ర పట్టలేదు.

అంతకంటే పెద్ద ఆశ్చర్యం మా ఇంటి ముందే ఉంది. మాది ఏఎంటీ, అంటే ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్ ఉన్న బండి. అందులో క్లచ్ ఉండదనుకున్నాను. ఉంది! అదే ఫ్లైవీల్, అదే ప్లేటు, గేరు బండిలో ఉండే గేరుపెట్టే. పెడల్ ఒక్కటే లేదు. నా పాదం చేసే పనిని యాక్చుయేటర్ అనే పరికరం, నా చెవి చేసే పనిని ఒక చిన్న కంప్యూటర్ చేస్తున్నాయి. సిగ్నల్ దగ్గర బ్రేకు వదలగానే బండి మెల్లగా పాకుతుందే, అది హాఫ్ క్లచ్చే! గేరు మారేటప్పుడు వచ్చే ఆ చిన్న తూగు, క్లచ్ విడిపోయి మళ్లీ కలిసే సమయమే. ఇప్పుడు ఆ తూగు రాబోతోందని తెలియగానే ఎక్సలేటర్ మీద కాలు కాస్త తేలిక చేస్తాను, గేరు నున్నగా మారుతుంది. గేరు బండి నేర్చుకున్నాక నా ఆటోమేటిక్ నాకు ఇంకా దగ్గరైంది.

మన దేశంలో మధ్యతరగతి ఇంటికి ఈ ఏఎంటీని తెచ్చింది 2014 ఫిబ్రవరిలో వచ్చిన మారుతి సెలెరియో. అదే ఏడాది మే నెలలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ కారు తయారీ ఆగిపోయింది. స్టీరింగు పక్కనే గేరు కర్ర ఉన్న పాత అంబాసిడర్‌లో పెళ్లిళ్లకు వెళ్లిన తరం మాది. ఒక కాలం వెళ్లడం, ఇంకొకటి రావడం ఒకే ఏడాదిలో జరిగాయి.

ఈ విద్యకు మా జిల్లా కంటే మంచి బడి ఉండదని నా నమ్మకం. బళ్లారి రాయల్ సర్కిల్ రద్దీలో ఫస్ట్, సెకండ్ గేర్ల మధ్యే పాదానికి పాఠమంతా అయిపోతుంది. గుంతకల్లు వైపు 67వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే నేల చదును, రెండు పక్కలా నల్లరేగడి. ఒక్కో గేరూ వేసుకుంటూ ఐదు దాకా వెళ్లి హాయిగా సాగిపోవచ్చు. ఇక సండూరు దారి! ఖనిజం నింపుకున్న లారీ ఎర్రమట్టి పట్టిన చెట్ల మధ్య ఎత్తు ఎక్కుతుంటే ఆ చప్పుడు ఇదివరకు నాకు వట్టి రొద. ఇప్పుడు వింటుంటే డ్రైవరు ఎక్కడ గేరు దించాడో, ఇంజను ఎక్కడ ఊపిరి పీల్చుకుందో తెలుస్తోంది. కుమారస్వామి కొండ దిగేటప్పుడు మాస్టరు సెకండ్ గేరులో పెట్టించి, ఎక్సలేటర్ మీంచి కాలు తియ్యమన్నారు. ఇంజనే బండిని వెనక్కి పట్టి నిలిపింది! బ్రేకులు వేడెక్కకుండా లోయ వంపులన్నీ దిగాం. లాగే ఇంజనే నిలువరించగలదు కూడా అని ఆ కొండ మీద నేర్చుకున్నాను.

చట్టం కూడా ఈ విద్యను ఎంత శ్రద్ధగా చూసిందో! 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 15వ నియమం లైసెన్సు పరీక్షలో ఏం చేసి చూపాలో చెబుతుంది. టాప్ గేరు దాకా అన్ని గేర్లూ వెయ్యాలి, అవసరమైతే చురుగ్గా దించాలి, బాగా ఏటవాలుగా ఉన్న ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి. బ్రిటన్‌లో ఆటోమేటిక్‌లో పరీక్ష ఇస్తే ఆటోమేటిక్ నడపడానికే లైసెన్సు. మనకు ద్విచక్ర వాహనాల్లో గేరున్నవి, లేనివి అని వేరు చేస్తారు కానీ కార్లకు ఆ తేడా లేదు. కాగితం అన్ని కార్లకూ ఒకటే కాబట్టి, విద్య కూడా అన్నిటికీ సరిపోయేంత ఉండాలి కదా!

మా వాళ్లకు ఇది మరీ అవసరం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి, బళ్లారి ఇటు మైసూరులో కలిసింది. చుట్టాలు రెండు వైపులా ఉండిపోయారు. పెళ్లయినా పేరంటమైనా సరిహద్దు దాటాల్సిందే. కల్యాణ మండపం ముందు కేఏ 34 బండ్లూ ఏపీ బండ్లూ ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. “ఈ బండి ఎవరైనా తీయండప్పా” అని ఎవరో తాళం ఊపుతారు. ఆ తాళం ఏ కారుదైనా ఇప్పుడు నేను అందుకోగలను. రాత్రివేళ ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే, ఆ వీధిలో ఏ బండి ఉంటే ఆ బండి తీసుకుని ఆసుపత్రికి పోగలను. ఈ ధైర్యం విలువ ఆడవాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు.

ఆటోమేటిక్ గొప్పది. ఎడమ కాలికీ చేతికీ విశ్రాంతి ఇచ్చి, చూపునంతా దారికి అప్పగిస్తుంది. అద్దాలు చూసుకోవడం, దూరం పాటించడం, పక్కనుంచి దూసుకొచ్చే బైకును ముందే కనిపెట్టడం నేను దానిలోనే నేర్చుకున్నాను. రోజూ ఆఫీసుకు ఇప్పటికీ దానిలోనే వెళ్తాను. రేపు ఎలక్ట్రిక్ కార్లు నిండిపోతాయి. ఆగి ఉన్నచోటి నుంచే పూర్తి బలం ఇచ్చే మోటారుకు క్లచ్‌తో పనే లేదు. అందుకే తొందరపెడుతున్నాను. బజారులో గేరు బండ్లు, నేర్పే మాస్టర్లు ఇంకా ఉండగానే ఒక్కసారి ఎడమ పాదంతో ఇంజనును పలకరించండి. వారాంతంలో ఒక ఖాళీ మైదానం, పక్కన రెండో క్లచ్, రెండో బ్రేకు మీద కాళ్లు పెట్టుకుని కూర్చునే మాస్టరు, తెలుపు మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉన్న స్కూలు కారు ఉంటే చాలు. తర్వాత మీకు నచ్చిన బండి కొనుక్కోండి. ఏది కొన్నా, అది ఎలా కదులుతోందో తెలిసి నడుపుతారు. ఆ ఆనందం నాకు దొరికింది, మీరూ పొందాల్సిందే!