చేతుల్లో ఏమీ లేని శిల్పం

ఔటర్ రింగ్ రోడ్డుకు చేరువలో, పటాన్‌చెరు మండలంలో ఉన్న కర్దనూర్ పేరెత్తితే ఇవాళ జనం మాట్లాడేది ఫ్యాక్టరీల గురించి, భూముల ధరల గురించి. ఈ నేలకు అంతకంటే పాత గుర్తింపు ఉంది. కల్యాణి చాళుక్యుల శాసనాల్లోని పొట్టలకెరె నేటి పటాన్‌చెరేనని చరిత్రకారులు చెబుతారు. 11, 12 శతాబ్దాల్లో ఇది పేరున్న జైన కేంద్రం. ఇక్కడి తీర్థంకరుల నల్లరాతి విగ్రహాలు హైదరాబాద్‌లోని రాష్ట్ర మ్యూజియానికి చేరాయి. కాయోత్సర్గంలో, అంటే నిలబడి చేసే నిశ్చల ధ్యానంలో, ఉన్న తీర్థంకరుణ్ని దగ్గరగా చూడండి. చేతులు భుజాల నుంచి తిన్నగా, ఒంటికి ఆనీ ఆనకుండా కిందికి దిగుతాయి. వాటిలో ఆయుధం లేదు, ఒంటిమీద నగ లేదు. తీర్థంకరుల్లో పార్శ్వనాథుడైతే తలపైన పాము పడగ విప్పి ఉంటుంది. కాటేయగల ప్రాణే ఆయనకు నీడ పడుతోంది. ఈ ప్రాంతానికి శాంతి చిహ్నం కావాలంటే ఎక్కడో వెతకనక్కర్లేదు. మూలవిగ్రహాలు మ్యూజియంలోనే భద్రంగా ఉండనిచ్చి, వాటి ప్రతిరూపాలను ఈ ఊళ్ల కూడళ్లలో నిలపాలి.

ఒక మతం విగ్రహం అందరిదీ ఎలా అవుతుందని అడగొచ్చు. హుస్సేన్‌సాగర్ బుద్ధుడే దీనికి జవాబు. ఎన్.టి. రామారావు హయాంలో రాయగిరి రాతితో గణపతి స్థపతి బృందం చెక్కిన ఆ ఏకశిల ఇవాళ ఏ మతం వారికైనా నగరం గుర్తే. కానీ అదే విగ్రహం ఇంకో సంగతి కూడా చెబుతుంది. 1990 మార్చిలో తరలిస్తుండగా అది నీట మునిగింది, పనివాళ్లు ప్రాణాలు కోల్పోయారు. 1992 డిసెంబరులో విగ్రహం పీఠమెక్కింది. అభయహస్తాన్ని అందరూ చూస్తారు, ఆ పనివాళ్లను తలచేవాళ్లు తక్కువ.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది: ఈ ప్రాంతపు నక్కవాగును పరిశ్రమల వ్యర్థాలు పాడుచేశాయని 1990లోనే సుప్రీంకోర్టుకెక్కాల్సి వచ్చిన చోట కావలసింది బొమ్మలా, మంచినీళ్లా? మంచినీళ్లే ముందు, అందులో సందేహం లేదు. కార్మికుల భద్రత సంగతీ అంతే: 2025 జూన్ 30న ఇక్కడికి దగ్గర్లోని పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పొట్టకూటికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. శిల్పం వాగును కడగదు, బాయిలర్‌ను తనిఖీ చేయదు. అయితే సాటి ప్రాణికి హాని చేయకూడదన్న మాటను ఈ నేల ఒకప్పుడు రాతిలో చెక్కి నిలబెట్టింది. అది రోజూ షిఫ్టుకు వెళ్లే దారిలో కనిపిస్తే, భద్రత అడగడం గొంతెమ్మ కోరిక కాదని కార్మికుడికీ, యజమానికీ, అధికారికీ తెలుస్తుంది. కాబట్టి పంచాయతీలు, మున్సిపాలిటీలు, పురావస్తు శాఖ కలిసి ఈ పని చేపట్టాలి. విగ్రహం కింది పీఠం మీద దాతల పేర్లు వద్దు. ఈ పరిశ్రమల్లో ప్రాణాలు పోగొట్టుకున్న కార్మికుల పేర్లు చెక్కించండి.