భుజానికి వేసిన కుట్టు

నేను జాకెట్లు కుట్టే మనిషిని. తెనాలిలో, ఇంటి ముందు గదిలో, ముప్పై ఏళ్లుగా అదే పని. రెండేళ్ల కిందట శ్రావణమాసం ముందు, ఊపిరాడనంత పని ఉన్న రోజుల్లో, అటక మీది లైనింగు తాను దించుకుందామని స్టూలెక్కాను. స్టూలు ఒరిగింది. పడిపోకుండా కుడిచేత్తో అటక అంచు పట్టుకున్నాను. ఒంటి బరువంతా ఆ ఒక్క చేతి మీద పడి, లోపల ఏదో పుటుక్కుమంది. కింద పడలేదు కదా అని ఆ రోజు సంతోషించాను కూడా.

ఎక్స్‌రే తీసి ఎముకలు బాగున్నాయన్నారు. షుగరుంది కాబట్టి భుజం పట్టేసిందన్నారు. ఆ మాట మీద ఏడు నెలలు గడిచాయి. మాత్రలు, భుజంలోకి రెండు ఇంజెక్షన్లు, కాపడం, ఎవరో తెచ్చిన నూనె. కాజాలు కుట్టగలిగేదాన్ని, చెయ్యి ఒళ్లోనే ఉంటుంది కాబట్టి. పై అరలో ఉప్పు డబ్బా మాత్రం అందేది కాదు. రాత్రి నిద్రలో ఆ పక్కకి ఒత్తిగిల్లితే ప్రాణం పోయినట్టుండేది.

చివరికి గుంటూరులో ఒక ఎముకల డాక్టరుగారు నా చెయ్యి తనే పట్టుకుని పైకెత్తారు. నొప్పి పెట్టింది గాని లేచింది. "ఇప్పుడు నువ్వే మెల్లగా దించమ్మా" అని వదిలేశారు. చెయ్యి టప్పున తొడకు కొట్టుకుంది. భుజం పట్టేస్తే ఎవరెత్తినా పూర్తిగా లేవదట. కండ తెగితే ఇంకొకరు ఎత్తితే లేస్తుంది, మనం నిలపలేం. అర నిమిషం పట్టే ఈ పరీక్ష ఏడు నెలల్లో ఎవరూ చేయలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

ఎమ్మారై తీయించారు. భుజం గుండును గూట్లో పట్టి ఉంచే కండలు నాలుగట, రొటేటర్ కఫ్ అంటారు. అందులో పైదాని కొస ఎముక నుంచి పూర్తిగా ఊడి, రెండు సెంటీమీటర్లు వెనక్కి లాక్కుపోయింది. ఇంకా ఆగితే కండ చిక్కిపోయి దాన్లో కొవ్వు చేరుతుందని, అప్పుడు లాగినా రాదు, కుట్టినా నిలవదని చెప్పారు. చివికిన గుడ్డ సంగతి నాకు ఒకరు చెప్పాలా?

"ఏ దారంతో కుడతారు, ఎముకకి కుట్టెలా పడుతుంది?" అని అడిగాను. ఆయనకి సరదా వేసి చీటీ వెనక బొమ్మ గీశారు. బోస్టన్‌లో కాడ్‌మన్ అనే డాక్టరు 1911లోనే ఈ కుట్టు గురించి రాశారట. అప్పట్లో భుజం కోసి కుట్టేవాళ్లు, ఇప్పుడు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ కుడతారు. ఎముకలో చిన్న మేకుల్లాంటివి దిగ్గొడతారు, వాటిని యాంకర్లంటారు. వాటికే దారాలుంటాయి. ఆ దారాలని ఊడిన కొసలోంచి పైకి తీసి ముడేస్తారు. చిన్న చినుగైతే ఒక వరస సరిపోతుంది. నాకు రెండు వరసలన్నారు: లోపలి మేకుల దారాలను కొస మీదుగా లాగి, బయటి వైపు మరో రెండు మేకులతో బిగిస్తారు, పరుపు చుట్టకి తాళ్లు బిగించినట్టు. "మరీ బిగిస్తే గుడ్డ కోసుకుపోతుంది కదండీ" అన్నాను. "మా భయమూ అదేనమ్మా" అన్నారాయన.

డబ్బు కోసం రెండు గాజులు బ్యాంకులో పెట్టాం.

ఆపరేషన్ రోజు మెడ పక్కన మత్తు సూది వేశారు. చెయ్యి మొద్దులా అయిపోయింది, గొంతు బొంగురుపోయింది, కుడి రెప్ప వాలింది. పక్షవాతమేమోనని మా ఆయన కంగారుపడ్డారు. అది ఆ మత్తు వల్లేనని, దిగిపోతుందని నర్సమ్మ చెప్పింది. సాయంత్రం వరకూ ఇంతేనా అనుకున్నాను. రాత్రి రెండింటికి మత్తు దిగింది. రెండు పురుళ్లు పోసుకున్న మనిషిని, అయినా ఆ నొప్పిని దేనితో పోల్చాలో తెలియలేదు. పడుకుంటే భరించలేను, కూర్చుంటే కాస్త నయం. ఆ తర్వాత నెలపైగా పడక్కుర్చీలోనే నిద్రపోయాను.

చంక కింద దిండు పెట్టి ఆరు వారాలు చెయ్యి కట్టేశారు. వేసుకోవడానికి జాకెట్టే లేదు. ఊరందరికీ కుట్టినదాన్ని! పాత జాకెట్టు ఒకటి తీసి, కుడి భుజం కుట్టూ చేతి కుట్టూ విప్పించి, టిచ్ బటన్లు వేయమన్నాను. నేను పక్కన కూర్చుని చెబుతుంటే మా అమ్మాయి వంకరటింకరగా కుట్టింది. ఆరు వారాలు దాంతోనే గడిపాను.

ఐదో వారానికి నొప్పి చాలా తగ్గింది. నేను భయపడాల్సింది అప్పుడేనని ఫిజియో అమ్మాయి చెప్పింది. దారం పట్టి ఉంచుతుందంతే, కొస ఎముకకి అతుక్కోవడానికి నెలలు పడుతుంది, షుగరుంటే ఇంకా నెమ్మది. ముందు బల్ల పట్టుకుని వంగి చెయ్యి వేలాడదీసి ఊపడం. తర్వాత తలుపుకి కప్పీ కట్టి తాడు లాగడం. మూడు నెలలు దాటాకే బరువు. గోడ మీద వేళ్లు పాకించి, అందిన చోట సుద్దతో గీత పెట్టి, టేపుతో కొలిచి తారీకు రాసుకునేదాన్ని. వారమంతా ఏడ్చి చేసినా ఒక్కోసారి అరంగుళమే పెరిగేది. రెండు వారాలు అసలు కదల్లేదు.

భుజం దెబ్బ తగిలి, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా మీ అంతట మీరు చెయ్యి ఎత్తలేకపోతున్నారంటే, నాలాగా ఏడు నెలలు కూర్చోకండి. ఆ దించే పరీక్ష చేయమని అడగండి.

ఏడాది దాటింది. మిషను తొక్కుతున్నాను, ఉప్పు డబ్బా అందుతోంది. గోడ మీద కుడి చేతి గీత ఎడమదానికి మూడంగుళాలు కిందే ఆగింది. జడ ఇప్పటికీ మా అమ్మాయే వేస్తుంది.