దబీర్‌పురాకి చలి ఎటు నుంచి వస్తుంది?

నవంబరు సగం దాటిందంటే హైదరాబాదు పత్రికల్లో ఏటా ఒకే ఫొటో పడుతుంది. మంచు కమ్మిన రోడ్డు, మఫ్లరు చుట్టుకున్న మనిషి, చేతిలో పొగలు కక్కే చాయ్. పైన పెద్దక్షరాల్లో 'గజగజ'. అదే పత్రికను పాతబస్తీలోని దబీర్‌పురా గల్లీలో తెరిచిన మనిషి నెత్తిన మాత్రం ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. దోమల కోసమని ఆయనంటాడు, చలే లేదని ఇంట్లోవాళ్లంటారు. ఫొటో అబద్ధం కాదు, ఫ్యానూ అబద్ధం కాదు. ఆ రెండిటి మధ్య ఏడెనిమిది డిగ్రీల తేడా ఉంటే ఉండొచ్చు. హైదరాబాదు వాతావరణ సూచన చదవాలంటే ముందు ఆ తేడా సంగతి తెలియాలి.

పత్రికల్లో, టీవీల్లో 'హైదరాబాద్' పేరు పక్కన కనిపించే అంకె చాలాకాలంగా బేగంపేటది. అక్కడ పాత విమానాశ్రయం దగ్గర భారత వాతావరణ విభాగం కేంద్రం ఉంది. తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, ఎండ తగలకుండా గాలి మాత్రం ఆడేలా, నేలకు నాలుగడుగుల ఎత్తున థర్మామీటరు పెట్టడం చాలా దేశాల వాతావరణ కేంద్రాల్లో ఉన్న పద్ధతి. ఆ పెట్టెను రూపొందించినాయన థామస్ స్టీవెన్సన్, స్కాట్లండులో లైట్‌హౌసులు కట్టిన ఇంజినీరు. 'ట్రెజర్ ఐలండ్' రాసిన ఆర్.ఎల్. స్టీవెన్సన్‌కు తండ్రి. రాత్రి ఎంత చల్లబడిందో పొద్దున ఎనిమిదిన్నరకు చూసి రాసుకుంటారు. బేగంపేటలో నవంబరు రాత్రి సగటున పదిహేడు డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, డిసెంబరుకు పద్నాలుగు, పదిహేనుకు దిగుతుంది. ఈ ఊరి రికార్డు 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. అది చూసినవాళ్లు ఇప్పుడు దబీర్‌పురాలో ఎవరైనా ఉంటే ఎనభై దాటినవాళ్లే అయి ఉండాలి.

బేగంపేట నుంచి దబీర్‌పురాకు గీత గీస్తే పది కిలోమీటర్లు. అంత దగ్గర్లో వాతావరణం మారిపోతుందా అంటే, వాన సంగతి వేరు, రాత్రి చలి మాత్రం గల్లీని బట్టి మారుతుంది.

పగలంతా ఎండలో కాగిన నేల రాత్రి ఆ వేడిని ఆకాశంలోకి వదులుతుంది. మబ్బు లేకుండా, గాలి కదలకుండా ఉంటే అది ఇంకా త్వరగా పోతుంది. శంషాబాదు అవతలి బీడునేల ఆకాశాన్ని పూర్తిగా చూస్తుంది కాబట్టి తెల్లారేసరికి ఐసయిపోతుంది. దబీర్‌పురా గల్లీకి కనిపించే ఆకాశం, రెండు డాబాల మధ్య ఒక చీలిక. అటు గోడ వదిలిన వేడిని ఇటు గోడ పట్టుకుంటుంది, ఇటుది అటు గోడ. మోటారు బళ్లు, బేకరీ భట్టీలు, వంటిళ్లు, ఒకే గదిలో పడుకున్న ఆరుగురి ఊపిరి, అన్నీ కలిస్తే రాత్రి రెండింటికి కూడా గోడకు చెయ్యి ఆనిస్తే వెచ్చగానే ఉంటుంది. పాతకాలపు రాతి గోడలైతే మరీను. నగర ప్రాకారానికి ఉన్న పదమూడు దర్వాజాల్లో ఇప్పుడు నిలిచినవి రెండే, పురానాపూల్‌ది ఒకటి, దబీర్‌పురాది ఒకటి. ఆ రాళ్లు పొద్దున వేడెక్కడానికీ, రాత్రి చల్లారడానికీ తీరిగ్గా టైము తీసుకుంటాయి.

పడమటి శివార్ల కథ వేరు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ ప్రాంతాల్లో ఖాళీ నేలలున్నాయి, చెట్లున్నాయి, చెరువులున్నాయి. చలి ముదిరిన రాత్రుల్లో అక్కడ పది డిగ్రీల కిందికి పడిపోతుంది. తెలంగాణ ప్రభుత్వ అభివృద్ధి ప్రణాళిక సొసైటీ రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ యంత్రాలు పెట్టాక ఈ తేడాలు రోజూ బయటపడుతున్నాయి. పత్రికలవాళ్లు అన్నిటికంటే తక్కువ అంకెను ఏరుకుని శీర్షిక చేస్తారు. పన్నెండు కంటే ఏడు గొప్ప వార్త మరి. కానీ ఆ ఏడు ఏ కోహీర్‌దో అయి ఉంటుంది. సంగారెడ్డి జిల్లాలో జామపళ్లకు పేరుపడ్డ ఆ మెట్టప్రాంతం చలికీ పేరు తెచ్చుకుంది.

ఇంతకీ ఈ చలి ఎక్కడిది? హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున, దక్కను పీఠభూమి మీద ఉంది. మచిలీపట్నంతో పోలిస్తే రాత్రి హాయిగా ఉండటానికి ఆ ఎత్తు ఒక కారణం. అయితే ఎత్తయిన మైదానం పక్కన పెద్ద పర్వతాలు కూడా ఉంటే వాతావరణం చేసే విన్యాసాలు వేరే. అమెరికాలో రాకీ పర్వతాల అంచున మైలు ఎత్తులో ఉన్న డెన్వర్‌లో తెలుగు కుటుంబాలు తక్కువేమీ లేవు. అక్టోబరు, నవంబరుల్లో మధ్యాహ్నం టీషర్టు, రాత్రికి మంచు అన్నది అక్కడ వింత కాదు. ఇంకా విడ్డూరం స్పియర్‌ఫిష్‌ది. సౌత్ డకోటాలో బ్లాక్ హిల్స్ పాదాన ఉన్న ఆ చిన్న ఊళ్లో 1943 జనవరి 22 పొద్దున, కొండల మీంచి దిగిన వెచ్చటి గాలికి మైనస్ ఇరవై నుంచి ఏడు డిగ్రీలకు పాదరసం లేచింది. రెండే రెండు నిమిషాల్లో. అక్కడ వాతావరణ సూచన చెప్పేవాడికి ఎంత గుండెధైర్యం కావాలో!

హైదరాబాదుకు అలాంటి పొరుగు లేదు. ఉన్నవల్లా మౌలాలీ గుట్టలాంటి గ్రానైటు గుట్టలు. కొంచెం పడమరకు పోతే వికారాబాదు అనంతగిరులు, మూసీ పుట్టిన చోటు. అవి చలిగాలిని ఆపేంత ఎత్తూ కాదు, పుట్టించేంత ఎత్తూ కాదు. దబీర్‌పురాకు నిజంగా లెక్కలోకి వచ్చే పర్వతాలు వెయ్యి కిలోమీటర్లకు పైగా అవతల ఉన్న హిమాలయాలు. పశ్చిమం నుంచి వచ్చే అలజడి కాశ్మీరు, హిమాచల్‌లలో మంచు కురిపించి దాటిపోయాక, వెనక ఉత్తరపు పొడిగాలి దిగుతుంది. మధ్యప్రదేశ్ మీదుగా నాగపూర్‌కు, అక్కడి నుంచి ఆదిలాబాదుకు, ఆ తర్వాత ఇటు. కాబట్టి ఆదిలాబాదు, ఆసిఫాబాదు రెండు రోజులుగా వణుకుతున్నాయని వింటే హైదరాబాదువాళ్లు పెట్టె అడుగునున్న స్వెటరు తీసి ఎండలో వేయొచ్చు. స్వెటర్లూ చాలావరకు అటు నుంచే వస్తాయి. ఏటా చలికాలానికి టిబెటన్లు నగరంలో దుకాణాలు వేసి ఉన్ని బట్టలు అమ్ముతారు.

అటు హిమాలయం ఎంత ముఖ్యమో ఇటు బంగాళాఖాతం అంత ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, తుపాన్ల కాలం. తెలంగాణకు ఈ వానలు కొసరే, అసలు వాటా తమిళనాడుది, దక్షిణ కోస్తాది. కానీ సముద్రంలో అల్పపీడనం పుడితే చాలు, గాలి తూర్పుకు తిరుగుతుంది, తేమ వస్తుంది, మబ్బు దుప్పటిలా కప్పుతుంది. పగలు ఎండ లేక చల్లగా, రాత్రి వేడి పోయే దారి లేక ఉక్కగా ఉంటుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం లాంటి తుపాను ఏదైనా సరే, ముందు కోస్తావాళ్ల కొంప ముంచుతుంది, ఆపైన హైదరాబాదు చలికాలాన్ని వారం పది రోజులు వాయిదా వేస్తుంది. ఒక్కోసారి వాయిదాతో పోదు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం ఇటు నడిచి వచ్చి ఒక్క రోజులో శివారు ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన కురిపించింది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ పడిన వానకు గుర్రం చెరువుకు గండిపడి పాతబస్తీ దక్షిణపు కాలనీలు మునిగాయి. శరత్తు అంటే వెన్నెలేనని నమ్మినవాళ్లకు ఆ ఏడాది అలా గడిచింది.

అందుకే నవంబరు సూచనలో డిగ్రీల కంటే గాలి దిక్కును ముందు చూడటం మంచిది. 'దిగువ స్థాయి గాలులు తూర్పు, ఆగ్నేయ దిశల నుంచి' అని ఉంటే రజాయి తీయనక్కర్లేదు. ఉత్తరం, ఈశాన్యం అని, పక్కన 'పొడి వాతావరణం' అని ఉంటే తీయాలి. పొడి అన్న ఆ మాటను జనం పట్టించుకోరు. వాన లేదనే అనుకుంటారు. అసలు చలి దాక్కున్నది ఆ మాటలోనే.

రజాయి అంటే గుర్తొచ్చింది. ఈ కబురు అందరికంటే ముందు అందేది దూదేకేవాళ్లకు. ఒకప్పుడు విల్లు భుజాన వేసుకుని గల్లీగల్లీ తిరిగేవాళ్లు, ఇప్పుడు మోటారు మిషను పెట్టుకుని ఒకచోట కూర్చుంటున్నారు. పోయినేటి రజాయి గట్టిపడితే విప్పించి, ఏకించి, మళ్లీ కుట్టిస్తారు. "చాచా, పది రోజుల్లో కావాలి" అంటే, "చలి రానీ బాబూ, దానికేం తొందర" అనే రకం బేరాలు. ఇక తెల్లవారుజామున నహారీ గిన్నెలు దిగే వేళ, పురానీ హవేలీ దగ్గరి భట్టీల్లో నాలుగు మూలల నాన్ కాలే వేళ, దబీర్‌పురా స్టేషనులో తొలి లోకల్ కోసం నిలబడేవాళ్లకు తెలిసే చలి, ఎనిమిదింటికి లేచేవాళ్లకు పత్రికలో చదివే చలి, రెండూ ఒకటి కావు.

వాతావరణ విభాగం లెక్కలో మైదానాల్లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగాలి, అది మామూలు కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు తక్కువ కావాలి, అప్పుడే శీతల గాలులు అని ప్రకటన. నాలుగు డిగ్రీలకే దిగితే ఇక పోలిక అక్కర్లేదు. లెక్క సబబే. ఏదో ఒక గీత ఉండాలి కదా. కానీ ఆస్పత్రి ముందు ఫుట్‌పాత్ మీద రోగికి కాపలాగా పడుకున్న మనిషికి పదమూడు డిగ్రీలు ఏ ప్రకటనా లేకుండానే ఎముకల్లోకి దిగుతుంది. గోడలున్నవాడికి గోడల వేడి, రోడ్డున పడుకున్నవాడికి ఆకాశం మొత్తం. నగరపాలక సంస్థకు రాత్రి బస కేంద్రాలున్నాయి. ఆ ప్రకటనకు ఎదురుచూడకుండా పదిహేనుకు దిగిన రోజే వాటిని నింపితే తప్పేముంది?

ఆకాశం తేటగా ఉండే ఈ రాత్రుల్ని కోరుకున్నవాళ్లూ ఉన్నారు. దబీర్‌పురాకు దక్షిణాన ఫిసల్‌బండలో పైగా వంశపు నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి దూరదర్శిని తెప్పించి 1901లో సొంత వేధశాల పెట్టుకున్నాడు. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. నిజామియా అబ్జర్వేటరీ పేరుతో ప్రపంచ నక్షత్రపటంలో ఆకాశపు రెండు పట్టీలు కొలిచే పని చేసింది. చుక్కలు బాగా కనిపించే రాత్రే చలీ బాగా పడుతుంది. ఆ వేధశాల ఫిసల్‌బండలోనే ఉండి, అక్కడో థర్మామీటరు కూడా నిలబెట్టి ఉంటే పాతబస్తీ చలికి నూరేళ్ల లెక్క దొరికేది.

ఇంకో లెక్క దబీర్‌పురాలోనే ఉంది. తెలుగు రైతు కార్తెలు సూర్యుణ్ని బట్టి నడుస్తాయి, విశాఖ కార్తె ఏటా నవంబరు మొదటివారంలోనే వస్తుంది. మొహర్రం చంద్రుణ్ని బట్టి నడుస్తుంది, ఏడాదికి పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ అన్ని రుతువులూ తిరుగుతుంది. మొహర్రం పదో రోజున ఇక్కడి బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద బయల్దేరే బీబీ కా అలం (పీరు) ఊరేగింపు చాదర్‌ఘాట్ దాకా సాగుతుంది, వెంట వేలమంది వట్టి కాళ్లతో నడుస్తారు. 2012లో ఆ రోజు నవంబరు 25న పడింది, 2025లో జూలై 6న. ఒకసారి చల్లటి రోడ్డు, ఇంకోసారి వాన బురద, ఎండాకాలంలో వస్తే కాలే తారు. లెక్క ప్రకారం మళ్లీ 2045 నవంబరులో, ఇరవయ్యో తేదీకి అటూ ఇటూగా వస్తుంది. వాతావరణ విభాగం ఇప్పుడిచ్చే సూచనల్లో, మొత్తం రుతువు సగటు చెప్పేవి పక్కన పెడితే, దూరం పోయేది నాలుగు వారాలకే. ఏనుగుకు కబురుపెట్టేవాళ్లకు తేదీ దాదాపుగా ఇప్పుడే తెలుసు. ఆ రోజు గాలి ఉత్తరానిదో తూర్పుదో ఆ అక్టోబరు చివరికి గానీ బేగంపేట చెప్పదు.