ఒకటి ఎందులోకి వస్తుంది?

ప్రధాన సంఖ్యల పాఠానికి నేను కుంకుడు గింజలు పట్టుకుపోతాను. అమ్రాబాద్ వైపు మా చెంచు పెంటల పిల్లలకు అవి అడవిలో ఏరుకొచ్చే వస్తువే. పన్నెండు గింజల్ని రెండు వరుసలు చేయొచ్చు, మూడూ చేయొచ్చు. ఏడింటిని ఒకే వరుసలో తప్ప సమంగా పేర్చలేం. అది ప్రధాన సంఖ్య. మరి ఒక్క గింజ? "అదీ ఒకే వరుస కదా సార్" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.

తనతోను, ఒకటితోను మాత్రమే భాగించబడేది అన్న వాక్యాన్ని బట్టి చూస్తే ఆ పిల్ల మాటే నిజం. 1742లో గోల్డ్‌బాక్ ఆయిలర్‌కు రాసిన ఉత్తరంలో ఒకటిని ప్రధాన సంఖ్యల్లోనే లెక్కపెట్టాడు. 1914లో అమెరికా గణితజ్ఞుడు లేమర్ అచ్చువేసిన పట్టిక కూడా ఒకటితోనే మొదలవుతుంది.

మరెందుకు తీసేశారు? 12ను ప్రధాన సంఖ్యలుగా విడగొడితే, ఎవరు చేసినా రెండు రెళ్లు, ఒక మూడే వస్తాయి. ఒకటినీ చేర్చుకుంటే 1×2×2×3, 1×1×2×2×3... అంతే ఉండదు. అందుకే సరిగ్గా రెండు వేర్వేరు కారణాంకాలు ఉండాలన్నారు. ఒకటికి ఉన్నది ఒక్కటే.

నా టీటీసీ చదువులో ఈ 'ఎందుకు' ఎవరూ చెప్పలేదు. ప్రధానమూ కాదు, సంయుక్తమూ కాదు, రాసుకోండి అన్నారు, అంతే. మన పిల్లలు బళ్లో నోరు తెరిచేదే తక్కువ. అడిగిన పిల్లను కూర్చోమనకండి. లేమర్ పట్టిక సంగతి చెప్పి, 12ను తననే విడగొట్టమనండి.