పూతలపట్టు దారిలో ఏం తినాలి? ఎంత తినాలి?

ప్రయాణంలో బయటి తిండి ముట్టకూడదని మన పెద్దలు చెబుతూ వచ్చారు. పులిహోర, పెరుగన్నం మూటకట్టుకుని బయలుదేరేవారు ఇప్పటికీ ఉన్నారు. మంచి అలవాటే. కాని తెల్లవారుజామున నాలుగింటికి కట్టిన పెరుగన్నం మూసిన కారులో ఉక్కిపోయి, మధ్యాహ్నం రెండింటికి విప్పితే ఏమవుతుంది? వండిన అన్నం వెచ్చగా నిలవ ఉంటే అందులో సూక్ష్మజీవులు పెరిగి వాంతులు, విరేచనాలు తెస్తాయి. అది ఇంటి తిండే అయినా ఈ ప్రమాదం తప్పదు. అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన రోడ్డు పక్క సంగటి అంతకన్నా ఎంతో మేలు.

కనుక పాఠకులు ఆకలివేసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఎప్పుడు వండారు? ఏ నీళ్ళు వాడారు? నా ఒంటికి ఇది ఎంత సరిపోతుంది?

మాది చిత్తూరు జిల్లా పూతలపట్టు. తిరుపతి నుంచి వచ్చే రోడ్డు, కడప, పీలేరు వైపు నుంచి వచ్చే రోడ్డు మా దగ్గర కలిసి చిత్తూరు వైపు సాగుతాయి. కాణిపాకం వరసిద్ధి వినాయకుడి గుడి కూడా దగ్గరలోనే ఉంది. ఏడాది పొడుగునా ఈ దారిన యాత్రికులు పోతూనే ఉంటారు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటారు, లేదా రాబోతారు. అందుకని నాకు ఇష్టమైన తిండి చోట్లు కొన్ని చెబుతాను. హోటళ్ళ పేర్లు మాత్రం చెప్పను. బోర్డు అలాగే ఉండి వంటమనిషి మారిపోవచ్చు. ఆనవాళ్ళు చెబితే మీరే పోల్చుకోగలరు.

ఉదయం: పిండి అయిపోయే దోసెల అంగడి

మా వైపు దుకాణాన్ని అంగడి అంటాం. కూడలి దగ్గరా, బస్సులు ఆగే చోటా పొద్దున్నే దోసెల అంగళ్ళు తెరుస్తారు. వాటిలో నేను ఎంచుకునేది తొమ్మిది గంటలకల్లా పిండి అయిపోయి పెనం దించేసే అంగడి. పిండి ఏ రోజుకారోజు రుబ్బి, ఆ రోజే ఖర్చు చేస్తున్నారనడానికి అంతకన్నా రుజువు అక్కరలేదు. పదకొండింటికి కూడా గంపెడు ఇడ్లీలు చల్లారి కనిపించే చోట నేను ఆగను.

ఇక్కడి ప్రత్యేకత కారం దోసె. ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, ఉప్పు నూరిన ఎర్రకారాన్ని దోసె మీద పూసి ఇస్తారు. తెల్లగడ్డ అంటే కొందరికి తెలియకపోవచ్చు. వెల్లుల్లినే మేము అలా అంటాం. ఈ కారం వల్లనే కడుపులో పుండ్లు పడతాయని ఒకప్పుడు అనుకునేవారు. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్ ఈ పుండ్లకు ఒక సూక్ష్మజీవి కారణమని కనిపెట్టారు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సూక్ష్మజీవీ, అదేపనిగా మింగే నొప్పి మాత్రలూ పుండ్లకు ముఖ్యకారణాలని ఇప్పుడు తెలుసు. అయితే ఉన్న పుండును కారం మండిస్తుంది. గుండెల్లో మంట, పులితేన్పులు ఉన్నవారు కారం పూయకుండా దోసె అడిగి పుచ్చుకోవడం మంచిది.

చట్నీ విషయంలో ఒక మాట. కొబ్బరి చట్నీ ఎండకు త్వరగా చెడుతుంది. వాసన తేడాగా ఉన్నా, నురగ కనిపించినా పక్కన పెట్టండి.

మధ్యాహ్నం: సంగటి, దాని పక్కన ఉన్నది

రోడ్డు పక్క భోజన హోటళ్ళలో రాగి సంగటి, నాటుకోడి పులుసు అన్న బోర్డులు ఇప్పుడు వరుసగా కనిపిస్తాయి. చాలామంది దానికోసమే కారు ఆపుతారు. ఒకప్పుడు ఇది మెట్టపొలంలో చెమటోడ్చే కుటుంబాల నిత్యాహారం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి, అన్నం ఇంటింటికీ చేరాక, సంగటి కుండ మెల్లమెల్లగా అటకెక్కింది. ఇప్పుడది హోటలు దారిన తిరిగి వచ్చింది.

బియ్యపు నూకలు మెత్తగా ఉడికించి, పైన రాగిపిండి పోసి, ఆవిరిమీద మగ్గనిచ్చి, ఉండలు కట్టకుండా కట్టెతో కెలికితే సంగటి అవుతుంది. రాగి ఆఫ్రికా ఖండంలో పుట్టిన ధాన్యం. ఉగాండాలో నేటికీ దాన్ని ముద్ద చేసుకుని తింటారు. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. బియ్యంలో అది ఎంతో స్వల్పం. ఎదిగే పిల్లలకూ, బాలింతలకూ, ఎముకలు పలచబడే వయసు స్త్రీలకూ ఇంత చవకలో ఇంత కాల్షియం ఇచ్చే ధాన్యం మరొకటి లేదు. పీచు పదార్థం కూడా బాగా ఉండడం వల్ల మలబద్ధకం ఉన్నవారికి మంచిది.

"అయితే చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళం, సంగటి ఎంతయినా తినవచ్చు కదా?" అంటారు కొందరు. ఈ మాట చాలా ప్రమాదకరం. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 70 గ్రాములు పిండిపదార్థమే. పైగా హోటలు సంగటిలో నూకల పాలు ఎంతో మీకు తెలియదు. మెత్తగా ఉడికి, కడుపులో త్వరగా అరిగి, రక్తంలో చక్కెరను పెంచనే పెంచుతుంది. మా తాతలు రెండు ముద్దలు తిని, నాగలి వెంట సాయంత్రం దాకా నడిచారు. మీరు రెండు ముద్దలు తిని, కారులో వెనక్కి వాలి నిద్రపోతే అది ఒకే భోజనం ఎలా అవుతుంది?

చక్కెర వ్యాధి ఉన్నవారు సగం ముద్ద పెట్టించుకోండి. అన్నం వేరే వద్దు. ఆ సగం ముద్ద పక్కన ఆకుకూర పప్పుగాని, పుల్లగూరగాని, ఉలవచారుగాని, రెండు మూడు ముక్కలు కోడిమాంసంగాని ఉంచుకోండి. ఉలవల్లో నూటికి 22 పాళ్ళు మాంసకృత్తులు ఉన్నాయి. పులుసు మీద తేలే నూనెను గరిటెతో పక్కకు తోసి వడ్డించమనండి. రక్తపోటు ఉన్నవారు ఊరగాయ, అప్పడం మానితే చాలావరకు ఉప్పు తగ్గుతుంది.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ లెక్కలు వర్తించవు. వారు తమ వైద్యుడు చెప్పిన పథ్యమే పాటించాలి.

మా ఊరిబిండి సంగతి కూడా చెప్పాలి. వేయించిన చెనక్కాయ గింజలు, మిరపకాయలు, చింతపండు కలిపి రోట్లో బరకగా నూరిన పచ్చడి అది. చెనక్కాయ అంటే వేరుసెనగ. ఇందులో నూటికి 25 పాళ్ళు మాంసకృత్తులు, 40 పాళ్ళు కొవ్వు ఉంటాయి. సంగటికి సరైన జోడి. కాని సాయంత్రాలు బండి మీద అమ్మే గింజలు తినేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. రంగు మారిన, ముడతలు పడిన, చేదుగా ఉన్న గింజ నోట పడితే వెంటనే ఉమ్మేయండి. బూజు పట్టిన వేరుసెనగలో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయానికి కీడు చేస్తుంది. వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు.

కాణిపాకంలో: ఖాళీ కడుపుతో వరుసలో నిలబడేవారికి

కాణిపాకంలో దేవస్థానం వారి అన్నదానం పంక్తిలో కూర్చుని తినడం నాకు ఇష్టం. వేడివేడిగా వండి, పెద్ద పంక్తులకు వెంటవెంటనే వడ్డించే తిండి నిలవ ఉండే అవకాశం తక్కువ. వినాయక చవితితో మొదలై 21 రోజులు సాగే బ్రహ్మోత్సవాలలో మాత్రం జనం విపరీతం. ఆ రోజుల్లో గుడి బయట ఈగలు ముసిరే మిఠాయిలు, కోసి ఉంచిన పండ్ల ముక్కలు కొనకండి.

ఇక్కడ అన్నిటికంటె ముఖ్యమైన సంగతి వేరే ఉంది. దర్శనం అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టమని కొందరు నియమం పెట్టుకుంటారు. చక్కెర వ్యాధికి వాడే కొన్ని మాత్రలుగాని, ఇన్సులిన్ గాని పొద్దున్నే పుచ్చుకుని, పైన ఏమీ తినకుండా మూడు గంటలు వరుసలో నిలబడితే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్ళు తిరగడం, మాట తడబడడం దీని గుర్తులు. చుట్టూ ఉన్నవారు ఎండదెబ్బ అనుకుంటారు, కొన్నిచోట్ల పూనకం అని కూడా అనుకుంటారు. అంతలో ప్రాణం మీదికి వస్తుంది.

"లంఖణం పరమౌషధం" అన్న సామెత ఈ మందులు వాడేవారికి చెల్లదు. ఉపవాసం ఉండదలిస్తే మందు మోతాదు గురించి ముందురోజే వైద్యుణ్ణి అడగండి. మీ అంతట మీరు మందు మానవద్దు. జేబులో చక్కెర పొట్లం ఉంచుకోండి. గుర్తులు కనిపించగానే మూడు చిన్నచెంచాల చక్కెర తినండి, లేదా నీళ్ళలో కలుపుకుని తాగండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ అంతే తీసుకోండి. తేరుకున్నాక ఏదైనా భోజనం చేయండి. తెలివి తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే 108కి ఫోను చేయండి. మీవెంట వచ్చిన పెద్దవారికి ఈ జబ్బు ఉంటే, ఈ నాలుగు మాటలూ ఇంట్లో అందరికీ చెప్పి బయలుదేరండి.

కాలాన్ని బట్టి దొరికేవి

ధనుర్మాసం నుంచి సంక్రాంతి దాకా ఇటు వస్తే అనపకాయలు దొరుకుతాయి. గింజలు నానబెట్టి, వేళ్ళతో పితికి తొక్క తీసి వండేదే పితికిపప్పు. ఇది హోటళ్ళలో అరుదు. ఇక్కడ చుట్టాలు ఉంటే అడిగి వండించుకోండి. మాంసకృత్తులు పుష్కలం. బాగా ఉడికించే తినాలి. సగం ఉడికిన గింజలు కడుపునొప్పి, ఉబ్బరం తెస్తాయి.

చెరకు గానుగలు ఆడే రోజుల్లో కొప్పెర దగ్గర వేడి బెల్లం రుచి చూడడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. బెల్లం కొనేటప్పుడు ముదురు రంగుది ఎంచుకోండి. మరీ పసుపుపచ్చగా మెరిసేదానిలో రంగు విరవడానికి మందు కలిపి ఉండవచ్చు. బెల్లం కూడా చక్కెరే. చక్కెర వ్యాధి ఉన్నవారికి దీనిలో ప్రత్యేక మినహాయింపు లేదు. రోడ్డు పక్క చెరకురసం ఐసు లేకుండా, ఎదురుగా ఆడించుకుని తాగండి. ఐసు ఏ నీళ్ళతో చేశారో ఎవరికీ తెలియదు.

మామిడి కాలంలో బంగారుపాళెం, దామలచెరువు మండీలు చూడవలసినవి. తోతాపురి, నీలం, బేనీషా, మల్గూబా, ఖాదరు రాసులు పోసి ఉంటాయి. కార్బైడుతో పండ్లు మాగబెట్టడం మన దేశంలో చట్టరీత్యా నిషేధం. అయినా జాగ్రత్తకు, దోర కాయలు కొని ఇంట్లో గడ్డిలో మాగవేసుకోండి. పండును బాగా కడిగి, అప్పుడు కోయండి. చక్కెర వ్యాధి అదుపులో ఉన్నవారు రెండు చిన్న ముక్కలు తినవచ్చు. ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గించాలి.

దారిలో కడుపు చెడితే

శుభ్రమైన లీటరు నీళ్ళలో ఆరు సమచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి, కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. చిన్నచెంచాతోనే కొలవాలి. మలంలో రక్తం పడినా, జ్వరం ఉన్నా, పసిపిల్లలు మూత్రం పోయకుండా మగతగా పడి ఉన్నా ఆసుపత్రికి వెళ్ళడంలో ఆలస్యం కూడదు.

చివరిగా మా సీమ మర్యాద గురించి ఒక మాట. ఇక్కడ అంగడిలోనైనా, ఇంట్లోనైనా "ఇంకొంచెం ఏసుకోండి, ఏమీ తినలేదే" అని బలవంతం చేస్తారు. విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి, "చాలు, మళ్ళీ వస్తాం" అని చెప్పండి. మా వాళ్ళు తప్పుపట్టరు. మళ్ళీ వస్తామన్న మాటకే సంతోషిస్తారు.